పదును చూసి వేసిన పాఠం

ఎవాన్ ఫార్బర్ పనితనం గురించి చెప్పాలంటే ముందు ఆయన చేయని పని ఒకటి చెప్పుకోవాలి. లైబ్రరీ వాడకం నేర్పడానికని ఆయన విడిగా ఒక కోర్సు మీద ఆశ పెట్టుకోలేదు. 1962లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, రిచ్‌మండ్ పట్టణంలో ఉన్న ఎర్ల్‌హామ్ కళాశాలకు ప్రధాన లైబ్రేరియన్‌గా వచ్చారు. 1994లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నారు. అన్నేళ్లూ ఆయన, ఆయన సహచరులు నేర్పిన విద్య జీవశాస్త్రం పాఠంలోనూ చరిత్ర పాఠంలోనూ సాహిత్యం పాఠంలోనూ కలిసిపోయి ఉండేది. సమాచారం ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని ఎలా తూచాలి, దేన్ని నమ్మి రాయాలి అన్నవి విద్యార్థి ఆ పాఠాలు చదువుకుంటూనే నేర్చుకునేవాడు. ఇప్పుడు సమాచార అక్షరాస్యత అని పిలుస్తున్న విద్య ఇదే. విశ్వవిద్యాలయాలు దీన్ని కోర్సుల్లో ఎలా కలపాలా అని నేటికీ తలలు పట్టుకుంటున్నాయి గనుక, అతుకు కనపడకుండా కలిపిన ఈ చిన్న కళాశాల పనిని దగ్గరగా చూడడం మంచిది.

మామూలుగా జరిగేది మనకందరికీ తెలుసు. కళాశాల తెరిచిన మొదటి వారంలో కొత్త విద్యార్థులను గుంపుగా లైబ్రరీకి తీసుకెళ్తారు. ఇది కేటలాగు, ఇవి రిఫరెన్స్ పుస్తకాలు, పాత పత్రికలు పై అంతస్తులో, పుస్తకం ఆలస్యమైతే జరిమానా ఇంత అని చెబుతారు. పిల్లలు తలలూపుతారు. మూడు నెలల తర్వాత ప్రాజెక్టు రాయవలసి వచ్చేసరికి ఆ మాటల్లో ఒక్కటీ గుర్తుండదు. తప్పు పిల్లల జ్ఞాపకశక్తిది కాదు. చెప్పిన రోజున వాళ్లకు దాని అవసరం లేదు, అంతే.

ఫార్బర్ నేర్పు మొదట కనిపించేది ఈ సమయం ఎంపికలోనే. మన రైతు పదును చూసి విత్తనం వేస్తాడు. వాన పడకముందే వేస్తే చీమల పాలవుతుంది, తడి ఆరాక వేస్తే మొలక రాదు. ఎర్ల్‌హామ్‌లో లైబ్రేరియన్ తరగతిలో అడుగుపెట్టే రోజును అలాగే ఎంచుకునేవారు. అసైన్‌మెంట్ ఇచ్చేసి ఉండాలి, విద్యార్థి ఇంకా పని మొదలుపెట్టి ఉండకూడదు. అప్పటికి అతనికి ఒక అంశం ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని గుబులూ ఉంటుంది. ఆ గుబులున్న గంటలో చెప్పిన మాట నేరుగా పనిలోకి దిగుతుంది.

ఆ గుబులు ఊహ కాదని తర్వాత ఒక పరిశోధన చూపించింది. అమెరికా దక్షిణ ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో కాన్‌స్టన్స్ మెలన్ సుమారు 6,000 మంది విద్యార్థుల రాతలను పరిశీలించి 1986లో ఫలితాలు ప్రకటించారు. లైబ్రరీలో మొదటిసారి పరిశోధనకు కూర్చున్నప్పుడు ఎలా అనిపించిందో చెప్పమంటే, 75 నుంచి 85 శాతం మంది భయం అన్న అర్థం వచ్చేలాగే రాశారు. మిగతావాళ్లందరికీ తెలుసు, నాకొక్కడికే తెలియదు, అడిగితే నవ్విపోతారు అన్నది ఆ భయం సారం. మందలో ఒకడిగా లైబ్రరీ చుట్టి వచ్చిన విద్యార్థికి ఆ భయం పోదు. తన తరగతిలోకి వచ్చి, తన అంశం గురించి మాట్లాడిన మనిషే రేపు రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చుని కనిపిస్తే, ఆ మనిషి దగ్గరికి వెళ్లడానికి జంకు తగ్గుతుంది. ఎర్ల్‌హామ్ పద్ధతిలో ఈ లాభం అడగకుండానే దక్కింది.

రెండో విషయం, లైబ్రేరియన్ చేత్తో తెచ్చే కాగితం. అది లైబ్రరీలో ఉన్నవన్నీ ఏకరువు పెట్టే పట్టిక కాదు. ఆ ఒక్క అసైన్‌మెంట్ కోసం తయారైన సూచిక. ఈ ప్రశ్నకు ఏ విజ్ఞాన సర్వస్వంతో మొదలుపెట్టాలి, కేటలాగులో ఏ శీర్షికల కింద చూడాలి, ఏ పత్రికా సూచిక దీనికి పనికొస్తుంది, ఒక్కోదాని బలం ఏమిటి, లోపం ఏమిటి అని దాంట్లో ఉంటుంది. అలాంటి కాగితం రాయాలంటే లైబ్రేరియన్ ముందు ఆ పాఠ్యాంశం చదవాలి, అధ్యాపకుడు అసైన్‌మెంట్‌తో ఏం ఆశిస్తున్నాడో అడిగి తెలుసుకోవాలి, విద్యార్థి ఎక్కడ బోల్తాపడతాడో ఊహించాలి. తరగతిలో మాట్లాడేది గంటసేపే అయినా దాని వెనక పని చాలా ఉంటుంది. చూపించేవాళ్లకు బాగా తెలిసిన ఒక నమూనా అంశాన్ని పట్టుకుని మొదటి మెట్టు నుంచి చివరిదాకా అందరి ముందూ వెతికి చూపించడం ఇందులో ముఖ్యభాగం.

అలాంటి వెతుకులాట ఎలా ఉంటుందో చూడడానికి ఆ కాలానికే చెందిన అంశం ఒకటి నేనే ఎంచుకుంటాను. అది 1970 ప్రాంతం అనుకుందాం. జీవశాస్త్రం చదివే విద్యార్థికి, పురుగుమందులకూ డేగల సంఖ్య తగ్గిపోవడానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న ఇచ్చారు. రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962లో వచ్చింది కాబట్టి డీడీటీ అనే పురుగుమందు పేరు అతను విన్నాడు. విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం చదివితే నేపథ్యం తెలుస్తుంది, దాని చివర నాలుగైదు పుస్తకాల పేర్లూ దొరుకుతాయి. ఆ చివరి పేర్లను దాటేసి పోవడమే మొదటి పొరపాటు. అవి ఆ రంగంలోకి తెరుచుకునే తలుపులు. అక్కడి నుంచి ‘బయొలాజికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్’ అన్న సూచికకు వెళ్తే, బ్రిటిష్ శాస్త్రవేత్త డెరిక్ రాట్‌క్లిఫ్ 1967లో ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసం తగులుతుంది. వేటాడే పక్షుల గుడ్ల పెంకులు తేలికైపోయాయని ఆయన అందులో చూపించాడు.

ఇక్కడ విద్యార్థి ఆగి, ఆయనకు ఎలా తెలిసింది అని అడగాలి. వ్యాసంలోకి వెళ్తే సమాధానం ఉంది. పాతకాలంలో సరదాకు గుడ్లు సేకరించినవాళ్ల పెట్టెల్లో పెంకులు భద్రంగా ఉన్నాయి, ఏ ఏడు ఎక్కడ తీశారో వాటితోపాటు రాసి ఉంది. రాట్‌క్లిఫ్ వాటిని తూచి, కొలిచి, ఏళ్లవారీగా పోల్చాడు. 1940ల రెండో సగం మొదట్లోనే పెరిగ్రిన్ డేగ గుడ్ల పెంకులు ఒక్కసారిగా పల్చబడ్డాయి. డీడీటీ వాడకం విస్తరించింది కూడా అప్పుడే. ఎవరో సరదాకు దాచుకున్న వస్తువు వేరే ప్రశ్నకు ఆధారమైంది.

ఇంతవరకు వెతుకులాట వెనక్కి నడిచింది. ఒక వ్యాసం ఏయే పాత రచనల మీద నిలబడిందో చూడడం ఎవరికైనా తట్టే దారే. ముందుకు నడవడం ఎలా? రాట్‌క్లిఫ్ చెప్పినదాన్ని తర్వాత ఎవరైనా ఒప్పుకున్నారా, కాదన్నారా? యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ప్రచురించడం మొదలుపెట్టిన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ ఉన్నది అందుకే. అందులో రాట్‌క్లిఫ్ పేరు తీసి 1967 వ్యాసం దగ్గర చూస్తే, ఆ వ్యాసాన్ని తర్వాత ఉదహరించినవాళ్ల జాబితా ఉంటుంది. వాళ్లలో జోసెఫ్ హికీ, డేనియల్ ఆండర్సన్ ఉంటారు. 1968లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వాళ్ల వ్యాసం, అమెరికాలోని మ్యూజియంలలోనూ సొంత సేకరణలలోనూ ఉన్న గుడ్లను పరీక్షించి అటువైపూ అదే కథ అని చెప్పింది. సముద్రానికి ఆవల మరొకరు, వేరే గుడ్లతో, అదే ఫలితం చూశారు. ఒక్క వ్యాసం ఉదహరించే విద్యార్థికీ, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడే విద్యార్థికీ తేడా ఎంతో ఇక వివరించనక్కర్లేదు.

ఇలా చేస్తే ఇందులో లైబ్రరీ పాఠం ఎక్కడ అయింది, జీవశాస్త్రం పాఠం ఎక్కడ మొదలైంది? గీత గీయలేం. సైటేషన్ ఇండెక్స్ వాడకం నేర్చుకున్న చోటే, ఒక శాస్త్ర నిర్ధారణ మరో చోట పునరావృతమైతేనే గట్టిపడుతుందన్న సంగతీ తెలిసింది. కోర్సులో కలపడం అంటే ఇదని నా అభిప్రాయం. ఒక గంట సమయం లైబ్రేరియన్‌కు వదిలిపెట్టి అధ్యాపకుడు టీ తాగడానికి వెళ్లడం కలపడం కాదు.

అందుకే అధ్యాపకుడు ఆ గంటలో తరగతిలోనే ఉండాలని ఫార్బర్ పట్టుబట్టేవారు. అధ్యాపకుడు అక్కడ కూర్చుని, మధ్యలో అందుకుని, ఈ పత్రికను నేనూ చదువుతాను, ఆ రచయితతో నాకు పేచీ ఉంది అని ఒక మాట అంటే విద్యార్థి చూపు మారిపోతుంది. ఎర్ల్‌హామ్ క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు స్థాపించిన కళాశాల. మనుషులందరూ సమానమన్న వాళ్ల నమ్మకం వల్ల అక్కడ అధ్యాపకులనూ విద్యార్థులు పేరు పెట్టే పిలుస్తారు. అలాంటి చోట లైబ్రేరియన్, అధ్యాపకుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని అసైన్‌మెంట్‌లోని వాక్యాలు దిద్దుకోవడం ఎవరికీ వింతగా తోచలేదు. ఈ సానుకూలతను తక్కువ చేసి చూడకూడదు.

అసైన్‌మెంట్ తయారీలోనే అసలు చాకచక్యం ఉందంటాను. ఫలానా అంశం మీద ఇరవై పుటలు రాసుకురండి అంటే విద్యార్థి చివరి రెండు రాత్రుల్లో దొరికినవి దొరికినట్టు అతికిస్తాడు. దాని బదులు ముందు వ్యాఖ్యలతో కూడిన గ్రంథసూచి అడిగితే సంగతి వేరు. ఒక్కో రచన కింద నాలుగు వాక్యాలు చాలు. రాసిందెవరు, ఏ ఆధారంతో అన్నాడు, నా ప్రశ్నకు ఎంతవరకు పనికొస్తుంది, పైన చెప్పిన రచనతో ఎక్కడ విభేదిస్తుంది. ఆ చివరి ప్రశ్నకు జవాబు రాయాలంటే రెండూ చదివి తీరాలి. పైగా వ్యాసం రాయకముందే ఈ కాగితం అధ్యాపకుడి చేతికి వస్తుంది కాబట్టి, దారి తప్పిన విద్యార్థిని మధ్యలోనే పట్టుకోవచ్చు. మార్కులు వేసే రోజున తెలిసి చేసేదేముంది? ఈ సంప్రదాయంలో వాడుకలో ఉన్న మరో అభ్యాసం కూడా నాకిష్టం. ఒక పుస్తకం ఇచ్చి, అది వచ్చిన ఏడాదే వెలువడిన సమీక్షలు మూడు వెతికి తెమ్మంటారు. ఒకరు ఆకాశానికెత్తిన పుస్తకాన్ని మరొకరు చీల్చి చెండాడారని చూసిన విద్యార్థికి, అచ్చులో ఉన్నదల్లా ఒకే గొంతు కాదన్న సంగతి ఎవరూ ఉపన్యసించకుండానే తెలిసిపోతుంది.

నాలుగేళ్ల చదువులో ఇవన్నీ ఒక వరసలో పడేలా చూడడం ఇంకో కష్టం. మొదటి ఏడు కేటలాగు, విజ్ఞాన సర్వస్వాలు, మామూలు పత్రికా సూచికలు. తర్వాత ఆయా శాస్త్రాల సొంత సూచికలు. పై తరగతుల్లో మరింత లోతైనవి. చెప్పిందే మళ్లీ చెబితే పిల్లలు విసుగెత్తి చెవులు మూసుకుంటారు, మెట్టు దాటేస్తే అందుకోలేరు. ఈ వరసను కట్టినవాళ్లలో ఫార్బర్‌తోపాటు రిఫరెన్స్ లైబ్రేరియన్ జేమ్స్ కెనడీ, సైన్స్ లైబ్రేరియన్ థామస్ కిర్క్ ఉన్నారు. కెనడీ ఈ పద్ధతిని 1970లో ‘లైబ్రరీ జర్నల్’ పాఠకులకు వివరించాడు. కిర్క్ మరో అడుగు వేశాడు. ప్రాథమిక జీవశాస్త్రం విద్యార్థులకు రెండు రకాలుగా లైబ్రరీ పాఠం చెప్పించి, ఒక పక్క ఉపన్యాసమూ ప్రదర్శనా, మరో పక్క చేతికిచ్చిన అభ్యాసమూ పెట్టి, రెంటినీ పోల్చి 1971లో ప్రచురించాడు. తాము నమ్మిన పద్ధతిని తామే పరీక్షకు పెట్టుకోవడం వాళ్ల పనితనంలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

ఫార్బర్ శూన్యంలోంచి రాలేదు. కళాశాల లైబ్రరీ బోధనలో భాగం కావాలని హార్వీ బ్రాన్స్‌కోంబ్ 1940లోనే ‘టీచింగ్ విత్ బుక్స్’లో వాదించాడు. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, కొత్తగా పెట్టిన మాంటీత్ కళాశాలలో, 1960ల మొదట్లో పట్రీషియా నాప్ ఒక సాహసోపేతమైన ప్రయోగం చేసింది. లైబ్రరీని పుస్తకాల గోదాముగా కాక, ఒక సమాజం తన జ్ఞానాన్ని అమర్చుకున్న దారుల అల్లికగా విద్యార్థికి పరిచయం చేయాలన్నది ఆమె తపన. ఆ ప్రయోగం మీద ఆమె రాసిన పుస్తకం 1966లో వచ్చింది. అధ్యాపకుల సహకారం సంపాదించడం ఎంత కష్టమో ఆమె దాచకుండా రాసింది. ఆమె ఆలోచన లోతు ఫార్బర్‌లో లేదనే చెబుతాను. కానీ ఆమె ప్రయోగం ముగిసింది, ఫార్బర్ పని ముప్పై ఏళ్లు సాగింది. రోజువారీ ఓపికకు ఉన్న విలువ అది.

1974లో ఫార్బర్ రాసిన ఒక వ్యాసం లైబ్రేరియన్లలో బాగా చర్చకు వచ్చింది. కళాశాల లైబ్రేరియన్లకు విశ్వవిద్యాలయ లైబ్రరీ జబ్బు పట్టుకుందన్నది దాని సారాంశం. ఎన్ని సంపుటాలున్నాయి అన్న లెక్కే ఘనతగా భావించి, ఉన్నవాటితో పిల్లలకు ఏం నేర్పుతున్నాం అన్న ప్రశ్న మరిచిపోయారని ఆయన బాధ. అదే 1974లో పాల్ జుర్కోవ్‌స్కీ ఒక ప్రభుత్వ సంఘానికి ఇచ్చిన నివేదికలో సమాచార అక్షరాస్యత అన్న పేరు పెట్టాడు. 2000లో అమెరికా కళాశాల లైబ్రరీల సంఘం దానికి ప్రమాణాలు రాసింది. 2016లో వాటిని పక్కనబెట్టి, ఆరు మూల భావనలతో కొత్త చట్రం స్వీకరించింది. ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఏర్పడుతుందని ఒకటి, విద్వత్తు అంటే సాగుతున్న సంభాషణ అని ఇంకొకటి. డేగ గుడ్ల వెతుకులాటలో ఆ రెండూ అప్పుడే ఉన్నాయి, పేర్లే లేవు.

ఈ పద్ధతికి బలహీనత ఉంది. ఫార్బర్ కాలంలో ఎర్ల్‌హామ్‌లో విద్యార్థులు వెయ్యికి కాస్త అటూ ఇటూ ఉండేవారు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. వేల మంది చదివే విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు బదిలీ అయితే, ఆయనతో కుదిరిన ఏర్పాటూ ఆయనతోపాటే పోతుంది. అందుకే ఈ కలయిక మనుషుల స్నేహం మీద కాక సిలబస్ మీద నిలబడాలి. ఏ కోర్సులో ఏ సెమిస్టరులో ఏ నైపుణ్యం నేర్పుతారో పాఠ్యప్రణాళికలోనే రాసుంటే, రేపు వచ్చే అధ్యాపకుడు దాన్ని అందిపుచ్చుకుంటాడు.

మన దగ్గర ఈ ఆలోచన కొత్తది కాదు. గణితం చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యాక, కొత్త పాఠకుడికి లైబ్రరీని పరిచయం చేయడాన్ని రిఫరెన్స్ సేవలో ఒక ప్రత్యేక విధిగా రాసిపెట్టాడు. ఇప్పుడు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2019 డిసెంబరులో తెచ్చిన నిబంధన ప్రకారం పీహెచ్‌డీ విద్యార్థులందరికీ పరిశోధన, ప్రచురణ నీతి మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి. 30 గంటల ఆ కోర్సులో డేటాబేసుల వాడకమూ ఉంది. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ తిరుపతిలోనూ పరిశోధకులు దాన్ని చదువుతున్నారు. అది అవసరమే. కానీ పీహెచ్‌డీ దాకా ఆగడం ఆలస్యం, పైగా చదివే విషయంతో సంబంధం లేకుండా అందరికీ ఒకే పాఠం. లేని పుస్తకాలకూ పుట సంఖ్యలతో సహా ఆధారాలు అల్లిచ్చే చాట్‌బాట్‌లు డిగ్రీ మొదటి ఏటి విద్యార్థి జేబులోనే ఉన్న రోజులివి.

ఫార్బర్ తరహా కాగితం ఎం.ఏ. తెలుగు తరగతికి రాయమంటే నేను గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ తీసుకుంటాను. విద్యార్థి పరీక్షలో గిరీశం మాట ఉదహరిస్తాడు, అది ఏ ‘కన్యాశుల్కం’లోదో చెప్పడు. 1892లో మొదట ప్రదర్శించిన నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని ఎంతో పెంచి, దాదాపు కొత్త నాటకంగా వెలువరించారు. మనమందరం చదివేది ఆ రెండోదే. మొదటి కూర్పు ఎవరికీ అందకుండా పోతే, పరిశోధకుడు బంగోరె పట్టుదలతో దాన్ని 1969లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. కాబట్టి కాగితంలో మొదటి పని, ఆ రెండు కూర్పులూ లైబ్రరీ కేటలాగులో ఎలా నమోదయ్యాయో చూసి, ఏది ఏదో తేల్చుకోవడం. రెండో పని, రెండింటికీ గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలు చదివి, పన్నెండేళ్లలో ఆయన మాట ఎక్కడ మారిందో ఒక పుటలో రాయడం. మూడోది, భారతీయ సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో ఈ నాటకం మీద ఉన్న సిద్ధాంత గ్రంథాలు తెరిచి, వాటిలో రెండు కూర్పులనూ చూసినవారెవరో, ఒక్కదాన్నే చూసి తీర్మానం చేసినవారెవరో గుర్తించడం. చివరగా, ఒక్క పాత్రను తీసుకుని రెండు కూర్పుల్లోనూ పక్కపక్కన పెట్టి చూడడం. ప్రతి ఉల్లేఖన కింద కూర్పు, సంవత్సరం, పుట, ఆ ప్రతి చేతికెలా వచ్చింది అన్నవి ఉండాలి.

ఈ కాగితం తరగతికి వెళ్లేముందు దాన్ని తెలుగు అధ్యాపకురాలూ లైబ్రేరియనూ కలిసి ఒకసారి స్వయంగా చేసి చూడాలి. మొదటి కూర్పు ప్రతి తమ లైబ్రరీలో ఉందో లేదో, లేకపోతే ఎక్కడి నుంచి తెప్పించాలో సెమిస్టరు మొదలవకముందే తెలుసుకోవాలి.